ఎగుమతి సీసాకు ఉన్న పరీక్ష మన పిల్లల సీసాకూ కావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను ఖమ్మం జిల్లాలోని ఒక మండల కేంద్రంలో 22 ఏళ్లుగా మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టును. ఔషధ నియంత్రణ వ్యవస్థను కొత్త చట్టంతో సంస్కరించాలన్న మాట మళ్లీ వినిపిస్తున్న ఈ సమయంలో, అమ్మే బల్లకు ఇవతల నిలబడే వాడిగా నాకు తెలిసిన సంగతి పాఠకుల ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను.

2025 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో జలుబు, దగ్గు, జ్వరమని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన పసిపిల్లలు మూత్రం ఆగిపోయి, కిడ్నీలు చెడిపోయి ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. 20 మందికి పైగా పిల్లల ప్రాణాలు తీసిన కోల్డ్‌రిఫ్ అనే దగ్గు సిరప్ తయారైంది తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో. ఎస్‌ఆర్-13 అనే బ్యాచ్‌లో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విష ద్రవం 48.6 శాతం ఉందని తమిళనాడు ప్రభుత్వ ప్రయోగశాల తేల్చింది. దానికి అనుమతించిన పరిమితి 0.1 శాతం. మధ్యప్రదేశ్ నుంచి కబురు అందాక శాంపిల్ తీసి ఫలితం చెప్పడానికి తమిళనాడు అధికారులకు ఒకటి రెండు రోజులే పట్టింది. పరికరాలూ ఉన్నాయి, పరీక్షించడం తెలిసిన మనుషులూ ఉన్నారు. కానీ ఆ పరీక్ష జరిగింది పిల్లలు పోయిన తర్వాత.

సిరప్‌లో మందును కరిగించడానికి ప్రొపిలిన్ గ్లైకాల్, గ్లిసరిన్ వంటివి వాడతారు. మందులకు పనికొచ్చే రకం కాక, పరిశ్రమల కోసం అమ్మే చౌక రకం కొన్నప్పుడు ఈ విషం సీసాలోకి చేరే ప్రమాదం ఉంటుంది. దానికి రంగు లేదు, రుచి తియ్యన, తాగించే తల్లికి గాని అమ్మే నాకు గాని గుర్తుపట్టే దారి లేదు. 1937లో అమెరికాలో ఇదే పదార్థం వందమందికి పైగా ప్రాణాలు తీస్తే, మరుసటి ఏడాదే ఆ దేశం మందును అమ్మకానికి పెట్టకముందే అది సురక్షితమని చూపాలని చట్టం తెచ్చింది. మన దగ్గర 1986లో ముంబై జేజే ఆస్పత్రిలో 14 మంది పోయారు. 1998లో గుర్‌గావ్‌లోనూ, 2019-20 చలికాలంలో జమ్మూ ప్రాంతంలోని రామ్‌నగర్‌లోనూ పసిపిల్లలు పోయారు. 2022లో గాంబియాలో సుమారు 70 మంది పిల్లల మరణాల విషయంలో భారత్‌లో తయారైన సిరప్‌ల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక జారీ చేసింది.

గాంబియా తర్వాత మన కేంద్ర ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. 2023 జూన్ 1 నుంచి దగ్గుమందు ఏదైనా విదేశాలకు పంపాలంటే ముందుగా ప్రభుత్వ ప్రయోగశాలలోనో, గుర్తింపు పొందిన ప్రయోగశాలలోనో పరీక్షించి ధ్రువపత్రం పొందాలని నిబంధన పెట్టింది. మరి దేశంలో అమ్మే దగ్గుమందుకో? ఛింద్వాడా పిల్లలు పోయేనాటికి అలాంటి నిబంధన లేదు. ప్రతి బ్యాచ్ ముడిసరుకునూ, తయారైన మందునూ కంపెనీయే పరీక్షించుకోవాలని 1945 నాటి ఔషధ నిబంధనలు చెబుతున్నాయి గాని, పరీక్షించిందో లేదో సీసా గేటు దాటకముందు అడిగేవారు లేరు. పరాయి దేశపు బిడ్డకు పెట్టిన కాపలా మన బిడ్డకు పెట్టకపోవడానికి ఏ కారణం చెప్పినా నా మనసు ఒప్పుకోదు.

సరుకు అంగడికి వచ్చాక తీసే శాంపిళ్ల సంగతి నా కళ్లతో చూశాను. కొన్నేళ్ల కిందట ఒక మధ్యాహ్నం డ్రగ్ ఇన్‌స్పెక్టరు మా దుకాణానికి వచ్చి, రక్తపోటు మాత్రల స్ట్రిప్పులు కొన్ని తీసుకుని, డబ్బు చెల్లించి, చట్టం చెప్పిన ప్రకారం నాలుగు భాగాలుగా కవర్లలో పెట్టి లక్కతో సీలు వేసి నా చేత సంతకం చేయించుకున్నారు. ఆయన పని పద్ధతిగానే చేశారు. ఏడు నెలల తర్వాత ఆ బ్యాచ్ నాసిరకమని, మాత్ర కరగవలసినంతగా కరగడం లేదని కాగితం వచ్చింది. అప్పటికి షాపులో ఒక్క స్ట్రిప్పూ మిగల్లేదు. సరుకు ఎవరి దగ్గర కొన్నావు, ఎంత మిగిలింది అని అడిగారే తప్ప, ఎవరు మింగారని ఎవరూ అడగలేదు. నేనే బిల్లు పుస్తకాలు తిరగేశాను. ప్రతి నెలా పింఛను అందగానే వచ్చి నెలకు సరిపడా మాత్రలు తీసుకెళ్లే ఒక పెద్దమ్మ పేరు అందులో ఐదుసార్లు ఉంది. ఆ నెలల్లోనే ఆమెకు బీపీ తగ్గడం లేదని డాక్టరు మోతాదు పెంచారు. అది ఆ మాత్ర వల్లనేనని నేను రుజువు చేయలేను, కానీ ఆ పేజీ నాకు ఇప్పటికీ గుర్తుంది.

లోపం ఇన్‌స్పెక్టరుది కాదు. 50 తయారీ యూనిట్లకు ఒకరు, 200 దుకాణాలకు ఒకరు చొప్పున ఇన్‌స్పెక్టర్లు ఉండాలని ఔషధ నియంత్రణపై కేంద్రం వేసిన మాషేల్కర్ కమిటీ 2003లోనే చెప్పింది. మా ప్రాంతంలో ఒక్కొక్కరి నెత్తిన ఉన్న దుకాణాల సంఖ్య దానికంటే చాలా ఎక్కువ. అంతకంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. తయారీ లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం, కానీ ఆ లైసెన్సుతో తయారైన మందు దేశమంతా అమ్ముకోవచ్చు. ఒక రాష్ట్రం తనిఖీలో అలసత్వం చూపితే ఆ నష్టం మరో రాష్ట్రపు పిల్లల మీద పడుతుంది, ఆ రెండో రాష్ట్రానికి ఆ ఫ్యాక్టరీ తలుపు తట్టే అధికారం ఉండదు. దీన్ని సరిదిద్దడానికి 2007లోనూ, 2013లోనూ బిల్లులు పార్లమెంటు ముందుకు వచ్చాయి, ఏదీ చట్టం కాలేదు. పైగా 2023 నాటి జన్ విశ్వాస్ చట్టం, ఔషధ చట్టంలో నాసిరకం మందులకు సంబంధించిన సెక్షన్ 27(డి) నేరాన్ని రుసుము కట్టి రాజీ చేసుకోవడానికి వీలు కల్పించింది.

ముందస్తు పరీక్ష అంటే చిన్న కంపెనీలు మూతపడతాయని కొందరంటారు. వారి భయాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. జీడిమెట్ల, పాశమైలారం యూనిట్లలో మన ఊళ్ల పిల్లలే పనిచేస్తున్నారు. అయితే ముడిసరుకును నిజాయతీగా పరీక్షించే కంపెనీ, పరీక్షించని కంపెనీ కంటే ఎక్కువ ధర కోట్ చేయక తప్పదు, ఆ కారణంగానే టెండర్లలో వెనకబడుతుంది. పరీక్ష అందరికీ తప్పనిసరి అయితే మంచి కంపెనీకి ఆ నష్టం ఉండదు. ప్రయోగశాలల ఖర్చులో కొంత ప్రభుత్వమే భరించి, మొదట పిల్లల సిరప్‌లతోనే మొదలుపెట్టవచ్చు.

కొత్త చట్టంలో మూడు మాటలు ఉండాలని కోరుతున్నాను. ఎగుమతికి వర్తించే పరీక్ష దేశీయ సిరప్‌లకూ వర్తించాలి. లైసెన్సు ఏ రాష్ట్రం ఇచ్చినా, ప్రమాదం తలెత్తినప్పుడు ఆ ఫ్యాక్టరీలోకి వెళ్లి ఉత్పత్తి ఆపించే అధికారం ఒక కేంద్ర సంస్థకు ఉండాలి. నాసిరకమని తేలిన బ్యాచ్ వివరాలు అదే రోజు ప్రతి మందుల దుకాణానికీ అందాలి. ఇప్పుడు నెలనెలా ఆ జాబితా కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ వెబ్‌సైటులో ఇంగ్లీషులో వస్తోంది, మా మండలంలో దాన్ని తెరిచి చూసే దుకాణదారు ఒకరో ఇద్దరో. మందు పేరు, బ్యాచ్ నంబరు, అమ్మకం ఆపండి అన్న మాట తెలుగులో ఫోనుకు వస్తే, బల్ల మీదున్న సీసాను ఆ నిమిషమే పక్కన పెట్టగలం. కొని తీసుకెళ్లిన వారి ఫోను నంబర్లు బిల్లు మీద ఉన్నంతవరకు వారికీ కబురు చేయగలం.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
ఖమ్మం జిల్లా