ట్యాంకుల్లో ద్రావణులకు మీద పడే వయసు

ప్రియ మిత్రమా,

అణు వ్యర్థాలలో కలిసిపోయిన ద్రావణులు ఇన్నేళ్ళుగా ఆ రేడియేషన్‌లో నానుతూ ఏమైపోతున్నాయని అడిగావు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కనుక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

వాడిన ఇంధనం నుంచి యురేనియం, ప్లుటోనియంలను వేరు చేయడానికి ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ అనే ద్రావణిని కిరోసిన్ వంటి నూనెలో కలిపి వాడతారు. దాని అణువుకు మూడు బ్యూటైల్ కొమ్మలుంటాయి. రేడియేషన్ తగిలి ఒకటి విరిగితే డైబ్యూటైల్ ఫాస్ఫేట్ మిగులుతుంది. అది జిర్కోనియం వంటి లోహాలను పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. అందుకే ద్రావణిని సోడియం కార్బొనేట్‌తో కడిగి మళ్ళీ వాడతారు. ఆ కడుగునీళ్ళు కూడా చివరికి వ్యర్థాలను దాచే ట్యాంకుల్లోనే చేరతాయి.

అసలు కథ అక్కడే మొదలవుతుంది. అమెరికాలో అణ్వాయుధాలకు ప్లుటోనియం తయారుచేసిన హాన్‌ఫర్డ్ కేంద్రంలో అలాంటి భూగర్భ ట్యాంకులు 177 ఉన్నాయి. లోపల రేడియేషన్ దెబ్బ ఎక్కువగా తగిలేది నీటికీ, అందులో కరిగిన నైట్రేట్ లవణాలకూ. కర్బన అణువులను నేరుగా తాకేది తక్కువే. అయితే నీరు చీలి పుట్టిన రాడికల్స్, అంటే జత లేని ఎలక్ట్రాన్‌తో చురుగ్గా ఉండే ముక్కలు, ఊరుకోవు, కనబడిన ప్రతి కర్బన అణువు నుంచీ ఒక హైడ్రోజన్ పరమాణువును లాక్కుంటాయి, ఆ దెబ్బతో అణువు అంచెలంచెలుగా ముక్కలవుతూ పోతుంది. ఈ క్రమంలో హైడ్రోజన్, అమ్మోనియా, నైట్రస్ ఆక్సైడ్ వెలువడతాయి. మండే వాయువైన హైడ్రోజనూ, దాన్ని మండించే నైట్రస్ ఆక్సైడూ ఒకే బుడగలో ఉండటమే నాకు అన్నిటికన్నా భయం కలిగించే విషయం.

హాన్‌ఫర్డ్‌లోని ఎస్‌వై-101 అనే ట్యాంకునే చూడు. అందులో ద్రావణుల కన్నా, లోహాలను పట్టి ఉంచే ఇడిటిఎ వంటి పదార్థాలు ఎక్కువ. జరిగే రసాయన చర్య మాత్రం ఈ కోవకు చెందినదే. అడుగున చిక్కటి బురదలో వాయువు చిక్కుకుని ఉబ్బుతుంటే వ్యర్థాల మట్టం మెల్లగా పైకి లేచేది. కొన్ని నెలలకొకసారి ఆ బురద ఒక్కసారిగా తిరగబడి, వాయువంతా బయటికి తన్నుకొచ్చి, మట్టం దిగిపోయేది. 1993 జులైలో కలియబెట్టే పంపు దించాకే వాయువు కొంచెం కొంచెంగా బయటపడసాగింది.

ఇక నా మనసును పట్టుకున్న సంగతి చెబుతాను. సేంద్రియ లవణాలూ నైట్రేట్లూ కలిసి ఎండి వేడెక్కితే ఎంత ప్రమాదమో 1957 సెప్టెంబరు 29న సోవియట్ యూనియన్‌లోని మయాక్ అణు కేంద్రంలో పేలిన ట్యాంకు చూపించింది. కానీ అణువులను విరుస్తున్న ఆ రేడియేషనే దశాబ్దాల మీద వాటిలోని మండే శక్తిని కూడా హరిస్తూ వస్తోంది. పెద్ద అణువులు ఫార్మేటుగా, ఆక్సలేటుగా, కడకు కార్బొనేటుగా మారిపోతాయి. కార్బొనేటు దాకా వచ్చిన కర్బనంలో ఇక మండటానికేమీ మిగలదు.

ఇట్లు,
నీ మిత్రుడు