సర్కారు కాలేజీ పిల్లలకు ఎంబీబీఎస్‌లో వాటా ఇవ్వండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బైపీసీ పిల్లలకు జువాలజీ చెప్పే లెక్చరర్‌ని. రాష్ట్రం వచ్చేనాటికి అయిదున్న సర్కారు మెడికల్ కాలేజీలు ఇవాళ 30 దాటాయి. ఆసిఫాబాద్‌లో, ములుగులో కూడా ఎంబీబీఎస్ చదువుతున్నారు. సంతోషమే. కానీ అదే ఊళ్లో ఉన్న సర్కారు జూనియర్ కాలేజీ నుంచి ఆ క్లాసుల్లోకి వెళ్లింది ఎంతమంది? ఈ లెక్క తీయడానికి కొత్త సర్వే అక్కర్లేదు. స్థానికత కోసం తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఎంబీబీఎస్ సీట్లు భర్తీ చేసే కాళోజీ హెల్త్ యూనివర్సిటీ ఎలాగూ తీసుకుంటోంది. వాటిలో ఏది సర్కారు బడో, ఏది ప్రైవేటో విడదీసి ఒక్కసారి బయటపెట్టండి. చర్చ అక్కడ మొదలుపెడదాం.

మా పిల్లలు నీట్‌లో క్వాలిఫై అవుతూనే ఉన్నారు. మొన్నామధ్య ఓ అమ్మాయి క్వాలిఫై అయిందని తెలిసి ఊరంతా డాక్టరమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ పత్తి చేలో కూలికి పోతుంది. క్వాలిఫై కావడం వేరు, సీటొచ్చే ర్యాంకు వేరు అని ఆమెకు విడమరిచి చెప్పాల్సిన పని నామీద పడింది. "ఇంకో ఏడాది చదివితే వస్తదా సార్?" అని అడిగింది. రావచ్చు. కానీ లాంగ్ టర్మ్ కోచింగ్‌కు హాస్టల్‌తో కలిపి లక్ష దాటుతుంది. ఆ అమ్మాయి డిగ్రీలో చేరిపోయింది.

మార్చిలో ఇంటర్ పరీక్షలు అయిపోతాయి, మేలో నీట్. ఆ మధ్యకాలంలో కార్పొరేట్ కాలేజీ పిల్లలు రోజూ గ్రాండ్ టెస్టులు రాస్తుంటారు. మా వాళ్లలో కొందరు ఓఎంఆర్ షీటు మొదటిసారి చూసేది పరీక్ష హాల్లోనే. 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు. వాళ్ల పక్కన కూర్చున్నవాడు రెండోసారో మూడోసారో రాస్తున్నవాడు. తమిళనాడులో జస్టిస్ ఏ.కె. రాజన్ కమిటీ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం అక్కడ ఎంబీబీఎస్‌లో చేరినవాళ్లలో 70 శాతానికి పైగా మళ్లీ రాసి వచ్చినవాళ్లే. మన దగ్గర పరిస్థితి ఇంతకంటే మెరుగని నేననుకోను.

రిజర్వేషన్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, ఉండి తీరాలి. అయితే ఎస్సీ, ఎస్టీ, బీసీ కోటాల లోపల కూడా కూలివాళ్ల పిల్ల పోటీపడేది రెండేళ్లు లాంగ్ టర్మ్ తీసుకున్న పిల్లలతోనే.

అందుకే తమిళనాడు చేసిన పని చూడమంటున్నాను. అక్కడ ఆరు నుంచి పన్నెండు దాకా సర్కారు బడిలో చదివి నీట్ గట్టెక్కిన పిల్లలకు 2020లో 7.5 శాతం సీట్లు కేటాయిస్తూ చట్టం చేశారు. అంతకుముందు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది వెళ్లే చోటికి మొదటి ఏడాదే వందల మంది వెళ్లారు. మద్రాస్ హైకోర్టు 2022లో ఆ చట్టాన్ని సమర్థించింది, అయిదేళ్లలో సమీక్షించుకోమని కూడా చెప్పింది. మెరిట్ పోతుందన్న వాదన నాకు వింతగా ఉంటుంది. వీళ్లు పాసైంది అదే నీట్, కాలేజీలో రాయబోయేదీ అవే పరీక్షలు. మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు కట్టి చేరేవాళ్ల గురించి ఈ బెంగ ఎవరికీ ఉన్నట్టు లేదు!

మన సర్కారు సీట్లు నాలుగు వేలకు పైనే. ఆలిండియా కోటా 15 శాతం తీసేసినా, 7.5 శాతం అంటే సుమారు 250 సీట్లు. అన్ని కేటగిరీల్లోనూ లోపలి వాటాగా ఇస్తే ఇప్పుడున్న ఏ వర్గం రిజర్వేషనూ తగ్గదు.

రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోవాలి. ఒకటి, ఈ వాటా అంతా గురుకులాలకే పోకూడదు. గౌలిదొడ్డి లాంటి గురుకులాల్లో నీట్ కోసమే ప్రత్యేకంగా తయారుచేస్తారు, వాళ్లకు మంచి ఫలితాలు రావడం న్యాయమే. కానీ బస్ పాస్ పెట్టుకుని వచ్చి, సాయంత్రం ఇంటికెళ్లి బర్రెలకు గడ్డి వేసే పిల్ల వాళ్లతో పోటీపడితే మళ్లీ కథ మొదటికొస్తుంది. మామూలు జూనియర్ కాలేజీలకు అందులోనే కొంత విడిగా పెట్టాలి. రెండోది ఫీజు. తమిళనాడులో తొలి ఏడాది ప్రైవేటు కాలేజీలో సీటొచ్చిన కొందరు డబ్బు కట్టలేక వదులుకున్నారు. ఆ తర్వాతే ఫీజులు ప్రభుత్వమే కడుతుందని ప్రకటించారు. ముందు కట్టండి, రీయింబర్స్‌మెంట్ తర్వాత వస్తుంది అనే పద్ధతి మా పిల్లలకు పనికిరాదు. ఆ బకాయిల సంగతి మీకు నేను చెప్పేదేముంది.

ఇలా వచ్చిన పిల్లలు చదువయ్యాక ఏజెన్సీలోనే ఉండిపోతారని నేను హామీ ఇవ్వలేను. అడగడం కూడా అన్యాయం, డబ్బున్న పిల్లలను ఎవరూ అడగడం లేదు కాబట్టి.

ఈ ఏడాది కౌన్సెలింగ్ నోటిఫికేషన్ రాకముందే దీని మీద నిర్ణయం తీసుకోండి. బిల్లు పెడితే ఆలస్యమవుతుందని అధికారులు అనొచ్చు. 2020 అక్టోబరులో తమిళనాడు బిల్లు గవర్నర్ దగ్గర ఆగినప్పుడు అక్కడి ప్రభుత్వం ముందుగా జీవో ఇచ్చేసింది. ఆమోదం ఆ మర్నాడే వచ్చింది.

ఇట్లు,
ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీ లెక్చరర్