మైనింగ్ కార్డు ఒక్కటే తేవద్దు, రైజరూ కేబుళ్లూ కూడా తేండి

తిరుపతి, రేణిగుంట, చంద్రగిరి వైపు నుంచి మైనింగ్ రిగ్గుల (బిట్‌కాయిన్‌లాంటి క్రిప్టో నాణేల కోసం నడిపే కంప్యూటర్ల) గ్రాఫిక్స్ కార్డులు సర్వీసుకు పంపేవాళ్లకు ఒక మాట. కరెంటు దెబ్బ తిన్న కార్డును ఈ నెల నుంచి ఒక్కదాన్నే తీసుకోం. అది కూర్చున్న రైజరు (కార్డును మదర్‌బోర్డుకు కలిపే చిన్న బోర్డు), నడిచిన కేబుళ్లు, ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటిచ్చే డబ్బా) కూడా రావాలి. ఇన్నాళ్లూ కార్డు మాత్రమే చూసి బాగుచేసి పంపినాం, అది మా పొరపాటే. అదే రైజరు మీద పెడితే అదే చోట కాలి మళ్లీ వస్తుంది.

ముందు రైజరుకు కరెంటిచ్చే సాటా ప్లగ్గు (హార్డ్ డిస్కులకు పెట్టే రకం) ఊడదీసి చూడండి. పసుపు వైరు దిగే చోట ప్లాస్టిక్కు గోధుమరంగు తిరిగి, అంచు మైనంలాగా జారి ఉంటే దొంగ దొరికినట్టే. సాటాలో 12 వోల్టులకు మూడు పిన్నులు, ఒక్కోటి 1.5 ఆంపియర్లు. మొత్తం 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. కార్డేమో రైజరులోని స్లాటు నుంచి 75 వాట్ల దాకా లాగొచ్చు, అందులో 12 వోల్టుల వంతే 66. రాత్రింబవళ్లు నడిస్తే పిన్ను వేడెక్కి, వదులై, నిప్పురవ్వలు కొడుతుంది. ఒకే సాటా లైనుకు రెండు రైజర్లు కట్టినారంటే ఇంక చెప్పే పనే లేదు. 6 పిన్నుల రైజరు తీసుకుని, ఎస్ఎంపీఎస్ నుంచి నేరుగా పీసీఐఈ కేబులు (గ్రాఫిక్స్ కార్డుల కోసమే వచ్చే కరెంటు కేబులు) ఇవ్వండి.

మాడ్యులర్ కేబుళ్లు (ఎస్ఎంపీఎస్ నుంచి ఊడదీయగలిగేవి) ఇంకా ప్రమాదం. ఎస్ఎంపీఎస్ వైపు ఏ పిన్నులో ఏ వోల్టేజీ వస్తుందనేది ఒకే కంపెనీలో కూడా మోడల్ని బట్టి మారుతుంది. ప్లగ్గు చక్కగా దూరింది కదా అని పాత ఎస్ఎంపీఎస్ కేబులు కొత్తదానికి పెడితే, స్విచ్ వేసిన క్షణంలోనే కార్డు పోవచ్చు. సీపీయూ 8 పిన్ను కేబులును కార్డులో బలవంతంగా దూర్చినా అంతే, ప్లస్సూ మైనస్సూ తారుమారు. రెండు ఎస్ఎంపీఎస్‌లు వాడేవాళ్లు ఒక కార్డుకూ దాని రైజరుకూ ఒకేదాని నుంచి కరెంటు ఇవ్వండి.

ఇంట్లో మల్టీమీటరు ఉంటే, కార్డు బయటికి తీసి 200 ఓమ్స్‌లో పెట్టండి. నల్ల ప్రోబు కార్డు అంచున ఉండే లోహపు బ్రాకెట్టు మీద, ఎర్రది కార్డు మీది 8 పిన్ను సాకెట్టులో క్లిప్పు లేని వైపు వరసలోని 12 వోల్టుల పిన్ను మీద. కిలో ఓముల్లో ఉండాలి, అంటే ఈ రేంజిలో 1 అని ఆగిపోతుంది. సున్నాకు దగ్గరగా వస్తే షార్టు. కోర్ కాయిల్ (ప్రధాన చిప్పుకు కరెంటిచ్చే తీగచుట్ట) దగ్గర మాత్రం మీటరు బీప్ కొట్టిందని కంగారు పడొద్దు. పెద్ద చిప్పులకు అక్కడ ఒక ఓమ్ కంటే తక్కువే మామూలు. బీప్ వినగానే చిప్పు పోయిందని కార్డును చౌకగా అమ్ముకునేవాళ్లున్నారు.

షార్టు ఉందని తెలిసిన కార్డును ఇంకో పీసీలో పెట్టి చూడొద్దు, ఆ బోర్డు స్లాటూ కాలుతుంది. కార్డు మీది ఫ్యూజు పోయిందంటే దాని వెనక ఏదో షార్టయిందని అర్థం. ఫ్యూజు స్థానంలో వైరు ముక్క అతికించి వచ్చే కార్డులను బాగుచేయడం కష్టం, బోర్డు లోపలి పొరలే మాడిపోయుంటాయి.

బాగయ్యేవేవో చెబుతాం. 12 వోల్టుల లైనులో సిరామిక్ కెపాసిటరు షార్టయితే మార్చేస్తాం. బోర్డు మీద కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాలు వేసి, బెంచి సప్లై నుంచి 1 వోల్టు, కరెంటు హద్దు పెట్టి ఎక్కిస్తే, పోయిన భాగం దగ్గర ముందుగా ఆరిపోతుంది. మాస్‌ఫెట్‌లలో (చిప్పుకు కరెంటు వదిలే స్విచ్చుల్లాంటి భాగాలు) పైవైపుది, అంటే 12 వోల్టుల వైపుది పోతేనే కథ వేరు. ఒక వోల్టు చుట్టుపక్కల నడిచే కోర్‌కు నేరుగా 12 వోల్టులు తగులుతాయి. ఆ మాస్‌ఫెట్ పీకినా కోర్ దగ్గర, ఆ చిప్పుకు మామూలుగా ఉండే ఓముల కంటే బాగా తక్కువ, షార్టే చూపిస్తుంటే చాలావరకు చిప్పు చచ్చినట్టే. హీట్‌గన్‌తో కాల్చి నాలుగు రోజులు నడిపించే పని మేం చేయం.

ఒక్కోసారి తప్పు గోడలోనే ఉంటుంది. సాకెట్టులో న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య లోడు మీద 2, 3 వోల్టులకు మించి వస్తే, లేదా క్యాబినెట్టు తాకితే జివ్వుమంటే, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. త్రీఫేజు మీటరున్న ఇళ్లలో లైట్లు ఉన్నట్టుండి మిరుమిట్లు గొలిపితే న్యూట్రల్ తెగినట్టు. వెంటనే మెయిన్ ఆపేయండి, స్టెబిలైజరు కాపాడుతుందని చూస్తూ కూర్చోవద్దు.

చెకింగుకు 500 రూపాయలు. చిప్పు పోయిందని తేలితే అదీ తీసుకోం. సర్వీసు చేసిన కార్డుకు 30 రోజుల వారంటీ, సాటా రైజరు మీద పెట్టినవాటికి మాత్రం వర్తించదు.