తిరిగొచ్చినవాళ్లకు ఏ రోజు?

సంపాదకుల వారికి,

నమస్కారం. యుద్ధాల్లో పోయిన సైనికులను తలుచుకునే సంస్మరణ దినం మర్నాడు మీ పత్రికలో వేసిన ఫొటోలు చూశాను. స్తూపం దగ్గర పుష్పగుచ్ఛాలు, బ్యూగిల్ ఊదుతున్న సైనికుడు, మౌనం పాటిస్తున్న పెద్దలు. బాగున్నాయి, వాటికి వంక పెట్టడానికి రాయడం లేదు. సరిగ్గా ఆ సమయానికి మా అమ్మా నేనూ శ్మశానం గేటు బయట నిలబడి ఉన్నాం. గేటుకి తాళం. ఎవర్నో అడిగితే, సెలవు రోజు కదమ్మా, ఆఫీసు ఉండదు అన్నారు. సైనికుల పేరు మీద ఇచ్చిన సెలవు వల్లే ఒక సైనికుడి భార్య ఆయన సమాధి దగ్గరకు సమయానికి వెళ్లలేకపోయింది. చూడండి ఎలా ఉందో.

మా నాన్న సైన్యంలో వార్తలు చేరవేసే సిగ్నల్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. యుద్ధంలో పోలేదు. ఇంటికొచ్చి, పెన్షన్ తీసుకుని, మనవళ్లని భుజాన వేసుకుని తిప్పి, చివరికి ముసలితనంతో మంచం మీద పోయారు. అలా పోయినవాళ్లు ఈ రోజు లెక్కలోకి వస్తారా రారా అన్నది నాకు చాలాకాలంగా ఉన్న సందేహం.

ఎందుకంటే చాలా దేశాల్లో ఈ లెక్క తేదీలతో గీసిన గీత. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన కామన్వెల్త్ దేశాల సైనికుల సమాధులను చూసుకునే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్‌నే తీసుకోండి. 1917లో మొదలైంది. దాదాపు 17 లక్షల మంది పేర్లను నూట యాభైకి పైగా దేశాల్లో, ప్రాంతాల్లో కాపాడుతోంది. జనరల్‌కైనా సిపాయికైనా ఒకే కొలత రాయి వేయాలన్న దాని నియమం నాకెంతో నచ్చుతుంది. కానీ రెండో ప్రపంచ యుద్ధ మృతుల లెక్కకు వాళ్లు పెట్టుకున్న గడువు 1947 డిసెంబర్ 31. అదే యుద్ధంలో తగిలిన గాయంతో 1948 జనవరి 1న కన్నుమూసినవాడు ఆ లెక్కలో లేడు. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు, ఒప్పుకుంటాను. కాకపోతే గీతకు అవతల పడ్డ సమాధిని ఎవరు చూసుకోవాలి అంటే జవాబు ఒక్కటే, పిల్లలు. పిల్లలు లేకపోతే, దూరంగా ఉంటే, ఎవరూ లేరు.

అమెరికావాళ్లు రోజునే రెండు చేసుకున్నారు. మే ఆఖరి సోమవారం సైన్యంలో ఉండగా ప్రాణం పోగొట్టుకున్నవాళ్లది, నవంబర్ 11 ముఖ్యంగా బతికున్న మాజీ సైనికులకు కృతజ్ఞత చెప్పేది. మా నాన్న లాంటివాళ్లు ఈ రెంటి మధ్యా జారిపోతారు. యుద్ధంలో పోలేదు కాబట్టి మొదటిది ఆయనది కాదు. ఇప్పుడు బతికి లేరు కాబట్టి రెండోదీ అంతంతమాత్రమే. అయితే వాళ్ల ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో మే నెల కార్యక్రమానికి ముందు సైనికులు వచ్చి ప్రతి రాయి ముందూ చిన్న జెండా గుచ్చుతారు. 1948 నుంచీ ఇది నడుస్తోంది. ఎలా పోయాడు, యుద్ధంలోనా, ఎనభై ఏళ్లకు ఇంట్లోనా అని చూడరు. రాయి ఉంటే జెండా ఉంటుంది. నేను కోరేది కూడా ఈ పాటిదే.

నాన్న బతికున్నప్పుడు ఈ రోజు ఇంట్లో పెద్ద హడావుడేం ఉండేది కాదు. పొద్దున్నే గడ్డం గీసుకుని, పెట్టెలోంచి మెడల్స్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ లోపల పెట్టేసేవారు. ఒక్కసారైనా పెట్టుకోగా చూడలేదు. తర్వాత కుర్చీలో కూర్చుని మూడు పేర్లు చెప్పేవారు, పైకే, ఎవరికో హాజరు వేస్తున్నట్టు. ఆయన యూనిట్‌లో తిరిగి రానివాళ్లు. ఆ ముగ్గురినీ నేను చూడలేదు, వాళ్ల ఫొటోలు కూడా ఇంట్లో లేవు, అయినా ఇప్పటికీ ఆ వరస తప్పకుండా చెప్పగలను. స్తూపాల మీద వాళ్ల పేర్లు ఎక్కడో చెక్కే ఉంటారు. కానీ వాళ్లు నవ్వితే ఎలా ఉండేవారో తెలిసినవాడు పడుకున్నది మాత్రం మామూలు శ్మశానంలో, తాళం వేసిన గేటు లోపల. చనిపోయినవాళ్ల జ్ఞాపకాన్ని ఇన్నేళ్లూ మోసింది తిరిగొచ్చినవాళ్లే. స్మారక దినం వాళ్లది కాదంటే నాకు అర్థం కాదు.

ఇంకో విషయం కూడా చెప్పాలి, కాస్త కోపంగానే చెబుతున్నాను. రెండేళ్ల కిందట ఈ రోజుకు ముందు కొందరు స్వచ్ఛందంగా వచ్చి సమాధులు కడిగారు. మనసు మంచిదే. కానీ బాత్రూమ్ కడిగే యాసిడ్ పోసి, ఇనుప బ్రష్‌తో రుద్దారు. పాలరాయి అంటే సున్నపురాయి జాతిది, యాసిడ్ తగిలితే నురగ కక్కుతూ కరిగిపోతుంది. ఆ రోజుకు తెల్లగా మెరుస్తుంది, నిజమే. పైన నునుపు పోయాక గరుకు తేలి, అందులో నాచూ మురికీ ముందుకంటే త్వరగా పడతాయి. చెక్కిన అక్షరాల అంచులు అరిగిపోతాయి. మా నాన్న రాయి మీద సర్వీస్ నంబరులో చివరి రెండు అంకెలు ఇప్పుడు వేలితో తడిమితేనే తెలుస్తాయి. అమ్మ తడిమి చూస్తుంది, ఏమీ అనదు. రాయి కడగాలంటే మంచినీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. ముందు రాయిని బాగా తడపాలి, కింద నుంచి పైకి రుద్దుకుంటూ వెళ్లాలి, మధ్యమధ్యలో నీళ్లు పోస్తుండాలి. లేకపోతే మురికి నీళ్లు కిందికి జారి చారలు కడతాయి. నాచు ఎండి గట్టిపడి ఉంటే చెక్క పుల్లతో మెల్లగా లేపాలి, ఇనుప వస్తువు ముట్టించకూడదు. బ్లీచింగ్ కూడా వద్దు, దాని ఉప్పు రాయి లోపల చేరి తర్వాత పెచ్చులు లేపుతుంది. ఊరికే వచ్చి సాయం చేసేవాళ్లకు ఇదంతా ఎవరు చెబుతారు? మీ పత్రిక ఆ రోజుకు వారం ముందు ఒక చిన్న బాక్సు వేస్తే ఎన్నో రాళ్లు మిగులుతాయి.

మిగతావి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. సంస్మరణ దినాన శ్మశానాల గేట్లు తెల్లవారేసరికి తెరిచి ఉంచాలి, కుళాయిలో నీళ్లు రావాలి. ఎవరు ఏ వరసలో ఉన్నారన్న రిజిస్టరు ఎలాగూ ఉంటుంది. అందులో మాజీ సైనికుల పేర్ల పక్కన ఒక గుర్తు పెట్టుకుంటే, ఎవరూ రాని సమాధి దగ్గరకు కూడా ఎవరో ఒకరు వెళ్లగలుగుతారు. స్కూలు పిల్లల్ని ఎండలో స్తూపం ముందు నిలబెట్టడం కన్నా, ఇద్దరిద్దరికి ఒక సమాధి అప్పజెప్పి ఆ పేరు పైకి చదివించడం మేలని నా అభిప్రాయం. పేరు పలకలేక తంటాలు పడతారు, పడనివ్వండి, అలాగైతేనే గుర్తుంటుంది.

ఆ రోజు గేటు తీసేసరికి పదకొండు దాటింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ల కోసం 1919 నవంబర్ 11న పదకొండు గంటలకు మొదటిసారి పాటించిన ఆ రెండు నిమిషాల మౌనం ఇక్కడ మాకు గేటు ఊచలు పట్టుకుని నిలబడగానే అయిపోయింది. లోపలికి వెళ్లాక అమ్మకు మోకాళ్లు సహకరించలేదు, పక్క సమాధి గట్టు మీద కూర్చోబెట్టాను. నేను ఆ మూడు పేర్లూ నాన్న చెప్పిన వరసలోనే చెప్పాను. నాలుగోది అమ్మ చెప్పింది. నాకు తెలిసి, ఆయన పేరు ఆమె నోట వినడం అదే మొదటిసారి.

— ఒక మాజీ సైనికుడి కూతురు