ఫిల్టరు లేని డీజిల్ బండే కావాలన్నావు కదా

శ్రీకాళహస్తి

చిన్నీ,

"2020కి ముందు తయారైన డీజిల్ బండే కొంటాను, తర్వాత వచ్చిన వాటిలో పొగలోని మసిని ఆపే ఫిల్టరు అనే తలనొప్పి ఉందట" అని ఒకే గుక్కలో చెప్పి ఫోను పెట్టేశావు. నేను మాట్లాడబోతే సగంలో అడ్డు తగులుతావు, అందుకే రాస్తున్నాను. డిపో స్టోర్సులో పనిచేసిన మనిషిని. స్టీరింగు పట్టడం నాకు చేతకాదు గానీ, ఏ పార్టు ఎందుకు పోతుందో, ఏది మార్చిన కొన్నాళ్లకే మళ్లీ ఇండెంటు రూపంలో నా బల్ల మీదికి వస్తుందో బాగా తెలుసు.

బండి ఆకారం విషయంలో నీ ఆలోచన సరైనదే. కలంకారీ చుట్టలు, స్టాల్లో నిలబెట్టే చెక్క ఫ్రేములు, మడత బల్ల మామూలు డిక్కీ కారులో పట్టవు. పైన కట్టుకుని పోతే ఏ పలమనేరు దగ్గరో వాన పట్టుకుంటుంది. వెనుక తలుపు పైకి లేవాలి, సీట్లు మడిస్తే నేల సమంగా రావాలి. ఇలాంటి ఎస్టేట్ కార్లు మన దేశంలో ఎందుకో నిలదొక్కుకోలేదు. టాటా వాళ్లు 1992లో ఎస్టేట్ అన్న పేరుతోనే ఒకటి తెచ్చారు. తర్వాత ఇండిగో మెరీనా, స్కోడాలో ఆక్టావియా కాంబీ వచ్చాయి, పోయాయి. నాకు మెరీనా అంటే ఇప్పటికీ ఇష్టమే, కానీ ఈరోజు దొరికే మెరీనాకు పదిహేనేళ్ల రిజిస్ట్రేషను ముగిసి ఉంటుంది, లేదా ముగింపుకు వచ్చి ఉంటుంది. మళ్లీ ఫిట్‌నెస్ పరీక్ష, రెన్యువలు అంటూ ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక నీకు లేదని నాకు తెలుసు. కాబట్టి ఎస్టేట్ పని చేసిపెట్టే ఏడు సీట్ల బండ్లే నీకు దారి: ఎర్టిగా, లాడ్జీ, పాత ఇన్నోవా.

ఇక నువ్వు భయపడుతున్న ఫిల్టరు సంగతి. బండ్లు ఎంత పొగ వదలవచ్చో చెప్పే భారత్ స్టేజ్ నిబంధనల్లో ఆరోది, బీఎస్6, 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా వచ్చింది. దానికి ముందు 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్4. డీజిల్ కారు కిలోమీటరుకు వదలదగిన మసి బీఎస్4లో 0.025 గ్రాములు, బీఎస్6లో 0.0045 గ్రాములు. అంటే ఐదో వంతు కంటే తక్కువ. ఇంజనును ఎంత సరిచేసినా ఆ అంకె అందదు కాబట్టి సైలెన్సర్ గొట్టం దారిలో పింగాణీ లాంటి పదార్థంతో చేసిన ఫిల్టరు పెట్టారు. అందులో సన్నని గొట్టాలు వేలకొద్దీ ఉంటాయి. ఒక్కో గొట్టానికి ఒక కొస మూసి ఉంటుంది, పొగ గోడ గుండా పక్క గొట్టంలోకి దూరి బయటపడాలి, మసి లోపలే ఆగిపోతుంది. పాలు వడగట్టిన గుడ్డను ఉతకకపోతే ఏమవుతుందో దీనికీ అదే అవుతుంది. అందుకే మసి పేరుకున్నాక ఇంజను కంప్యూటరే కాస్త అదనపు డీజిల్ పంపి, ఆ గొట్టాన్ని 600 డిగ్రీల దాకా వేడెక్కించి మసిని కాల్చేస్తుంది. దీనికి బండి ఆగకుండా ఒక పదిహేను ఇరవై నిమిషాలు ఒకే ఊపులో పోవాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆపేసే వాళ్లకు ఆ కాల్పు ఎప్పుడూ పూర్తి కాదు. ఫిల్టరు మూసుకుపోతుంది, కాలని డీజిల్ ఇంజను ఆయిల్లోకి జారి ఆయిల్ పలచబడుతుంది, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, షోరూములో బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. నీకు ఎవరో చెప్పిన కథలన్నీ ఇలాంటి వాళ్లవే.

నీ సంగతి అలాంటిది కాదు కదా! తిరుపతిలో గదికీ వర్క్‌షాపుకీ మధ్య నువ్వు తిరిగేది స్కూటీ మీద. ఈ బండి బయటికి తీసేది వారానికోసారి మన ఊరు రావడానికి, బెంగళూరుకో చెన్నైకో స్టాలు పెట్టుకోవడానికి. రేణిగుంట దాటాక ఏర్పేడు మీదుగా కాళహస్తి చేరేలోపు ఏ ఫిల్టరైనా తనను తాను కాల్చి శుభ్రం చేసుకుంటుంది. నీలా బండి వాడేవాళ్లకు ఫిల్టరు భయమే అక్కర్లేదు. రోజూ సందుల్లో తిరగడానికే కారు కావాలని ఉంటే, ఫిల్టరు లేని డీజిల్ కాదు, పెట్రోలు బండి కొనమనే దాన్ని.

అయినా నువ్వు చివరికి కొనబోయేది ఫిల్టరు లేని బండే అవుతుంది. కారణం ఫిల్టరు కాదు, నీ చేతిలో ఉన్న డబ్బు. మారుతి వాళ్లు 2020 ఏప్రిల్ నాటికి డీజిల్ మొత్తంగా ఆపేశారు, కాబట్టి బీఎస్6 డీజిల్ ఎర్టిగా అన్నదే లేదు. లాడ్జీ కూడా అక్కడితోనే పోయింది. పొడవాటి బీఎస్6 డీజిల్ కావాలంటే క్రిస్టా, కారెన్స్, మరాజో వైపు పోవాలి, నువ్వు చెప్పిన మొత్తానికి అవి అందవు. ఇది గుర్తుంచుకుని బేరానికి వెళ్లు. "ఫిల్టరు లేదమ్మా, అసలు ఖర్చే ఉండదు" అని బ్రోకరు ఊరిస్తే ఆ మాటకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వద్దు. ఫిల్టరు లేకపోయినా ఇంజనులోకి గాలిని ఒత్తిడితో తోసే టర్బో ఉంది, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు ఉన్నాయి, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోకే పంపే ఈజీఆర్ వాల్వు ఉంది. ఆ వాల్వుకు మసి పడితే పికప్ చచ్చిపోతుంది, నల్లపొగ వస్తుంది. డీజిల్ బండి ఎక్కడో ఒక చోట నీ దగ్గర డబ్బు వసూలు చేస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం నా మాట దాటవద్దు. ఫిల్టరు పుట్టుకతో లేని బండి వేరు, ఉన్న ఫిల్టరును పీకేసిన బండి వేరు. బీఎస్6 బండిలో ఫిల్టరు మూసుకుపోతే కొత్తది వేయించలేక, డబ్బా కోసి లోపలి పింగాణీ తీసేసి మళ్లీ వెల్డింగు పెడతారు. కంప్యూటరులోని ప్రోగ్రామును కూడా మార్చి లైటు వెలగకుండా చేస్తారు. ఆ తర్వాత "మంచి పికప్ ఉంది" అని తక్కువ ధరకు చూపిస్తారు. తయారీదారు బిగించిన కాలుష్య నియంత్రణ పరికరాన్ని తీసేయడం చట్టప్రకారం తప్పు, రేపు పట్టుబడితే కాగితాల మీద పేరు నీది. కనిపెట్టడం పెద్ద విద్య ఏమీ కాదు. ఫిల్టరు ఉన్న బండికి సైలెన్సర్ గొట్టం కొన లోపల వేలు పెట్టి తిప్పితే దాదాపు శుభ్రంగా ఉండాలి. బీఎస్6 అని చెప్పిన బండికి వేలు నల్లబడితే ఇక మాట్లాడకుండా వచ్చెయ్యి. ఎర్టిగాకు నల్లబడడం మామూలే, దానికి కంగారు పడవద్దు. ఏది ఏ నిబంధనదో ఆర్సీలో రాసి ఉంటుంది, బ్రోకరు మాట కాదు, అది చదువు.

ఎర్టిగాలో ఉన్నది 1248 సీసీ ఫియట్ ఇంజను. స్విఫ్టు, డిజైరు, బ్రెజ్జా అన్నిటిలో అదే, కాబట్టి పార్టులు దొరకని ఊరు లేదు. స్టోర్సులో కూర్చున్న దానికి ఇంతకంటే గొప్ప గుణం ఇంకొకటి కనబడదు! దాని లోపం ఒకటే, ఇంజను నిమిషానికి 2000 చుట్లు (ఆర్‌పీఎం) అందుకునేదాకా టర్బో నిద్రపోతుంది. బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడు గేరు ముందే తగ్గించాలి. 2019లో వచ్చిన 1498 సీసీ ఇంజను ఎర్టిగా నడపడానికి ఇంకా బాగుంటుందంటారు, కానీ అది మార్కెట్లో ఉన్నది కొద్ది నెలలే. పార్టు కోసం ఎదురుచూడడం నాకు ఇష్టం లేదు. ఇన్నోవాలో చివరి సీట్లు పక్కలకు లేచి కట్టుకుంటాయి, వెడల్పు తగ్గి నీ ఫ్రేములు ఇరుక్కుంటాయి. లాడ్జీ పొడవుగా, కిందికి ఉండి అసలైన ఎస్టేట్‌కు దగ్గరగా ఉంటుంది, చివరి వరుస తీసి ఇంట్లో పెట్టుకోవచ్చు కూడా. మంచిది దొరికితే నేను అడ్డు చెప్పను.

తిరుపతిలో ఏడు సీట్ల బండి కొనేటప్పుడు అందరూ కిలోమీటర్లు చూస్తారు, నేను మాత్రం అది టాక్సీగా తిరిగిందా అని చూస్తాను. చెన్నై విమానాశ్రయం నుంచి కొండకు, కొండ నుంచి కాణిపాకానికి, మళ్లీ చెన్నైకి నిద్ర లేకుండా తిరిగిన బండ్లు ఇక్కడ కొల్లలు. పసుపు బోర్డు తీసి తెల్ల బోర్డు పెట్టించి, లోపల కొత్త కవర్లు తొడిగి, ఫస్ట్ ఓనరు అంటారు. మీటరు తిప్పడం తేలిక, కానీ క్లచ్ పెడల్ రబ్బరు అరుగుదల, రెండో వరుస తలుపు పిడి, మధ్య సీటు కుంగిన తీరు అబద్ధం చెప్పవు. డాష్‌బోర్డు కింద, టాక్సీలకు వేగం మీరకుండా బిగించే స్పీడ్ గవర్నరు తీగలు కోసిన ఆనవాళ్లు ఉన్నాయేమో టార్చి వేసి చూడు. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2318 అంటే 2018లో 23వ వారం. నలభై వేల కిలోమీటర్లే తిరిగిందన్న బండికి నాలుగు టైర్లూ కొత్తవైతే ఎందుకని అడుగు.

బండి చూడడానికి పొద్దున్నే వెళ్లు, వస్తున్నట్టు ముందే ఫోను చెయ్యకు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే నువ్వు వస్తావని తెలిసి ముందే స్టార్టు చేశారన్న మాట. ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చెయ్యి. చల్లని ఇంజను మొదటి తిప్పుకే అందుకోవాలి. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. తెల్లపొగ కాసేపటికి పోతే పరవాలేదు, పోకుండా వస్తూనే ఉంటే ఇంజెక్టర్లు పాడవడమో, ఇంజనును చల్లబరిచే కూలెంటు లోపలికి దూరడమో. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పితే సన్నగా ఆవిరి కనిపించడం సహజం, గుప్పుగుప్పుమని ఎగదన్నితే పిస్టన్ రింగులు అయిపోయాయి. ఆ తర్వాత నలుగురిని ఎక్కించుకుని భాకరాపేట ఘాట్ వైపు తీసుకెళ్లు. ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తూ బండి ముందుకు రాకపోతే క్లచ్ జారుతోంది. దిగేటప్పుడు రెండో గేరులో వదిలితే ఇంజనే బండిని పట్టి ఉంచాలి. అలా గేరులో ఉండి దిగుతున్నప్పుడు డీజిల్ చుక్క కూడా ఇంజనులోకి పోదు. న్యూట్రల్‌లో దింపితే మిగులుతుందని చెప్పే డ్రైవర్లను ఎవరినీ నమ్మకు.

కాగితాల గురించి కొంచెమే చెబుతాను. ఏపీ 03 నంబరు అంటే మన పాత చిత్తూరు జిల్లా బండి, 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 వచ్చింది. బెంగళూరు బండి చౌకగా కనిపిస్తుంది, కానీ అక్కడి నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టాలి, నంబరు మార్చుకోవాలి. ఆ ఖర్చు కలిపి చూస్తే చౌకదనం మిగలదు. లోను తీరిందని నోటితో చెబితే చాలదు, ఆర్సీలో బ్యాంకు పేరు తీసేసి ఉండాలి. బండి పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు మన ఎదురుగానే జరగాలి.

ఇంకొక్క మాట, విసుక్కోకుండా చదువు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. ఫిల్టరు లేని బండి నీ డబ్బు మిగిల్చినంత మాత్రాన ఆ మసి ఎక్కడికీ పోదు, వెనుక వచ్చే వాళ్ల ఛాతీలోకి పోతుంది. మీ నాన్న ఆయాసం సంగతి నీకు తెలియనిది కాదు. మన సందులోకి వచ్చాక ఏసీ కోసం ఇంజను నడుపుతూ కూర్చోవడం, గుడి దగ్గర రద్దీలో స్టార్టులో వదిలేయడం నాకు కనబడకూడదు. ఎయిర్ ఫిల్టరు, ఆయిల్ వేళకు మార్చు, ఈజీఆర్ శుభ్రం చేయించు. యాక్సిలరేటరు తొక్కినప్పుడు అద్దంలో నల్లపొగ కనిపిస్తే ఆ వారమే మెకానిక్కుకు చూపించు, పోల్యూషన్ సర్టిఫికెట్ గడువు ఇంకా ఉంది కదా అని ఊరుకోకు.

ఆదివారం డిపో మెకానిక్ మామయ్యను తీసుకుని ఉదయం బస్సుకు వస్తాను. నీ దగ్గరున్న అన్నిటికన్నా పొడవైన ఫ్రేము, కొలత టేపు సిద్ధంగా పెట్టుకో. ఆ ఫ్రేము వెనుక తలుపు మూసుకునేలా పట్టని బండికి ఇంజను కూడా చూడక్కర్లేదు. బేరం మాత్రం నువ్వు మొదలుపెట్టవద్దు, నచ్చిందన్నది నీ ముఖంలోనే తెలిసిపోతుంది.

ఆశీస్సులతో,
అమ్మ