మేడ మీద గదిలో ఇప్పుడు తెగడం లేదు

చి. అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేము క్షేమం. మీ అమ్మ మోకాలు కూడా క్షేమమే, మెట్లు ఎక్కనంతవరకు.

నువ్వు దసరాకు పంపిన మెష్ వైఫై, అదే ఇల్లంతా సిగ్నల్ అందించే ఆ మూడు పెట్టెలు, బాగుపడింది. మేడ మీద గదిలో ఇక బొమ్మ ఆగదు, మాట తెగదు. కాబట్టి ‘నాన్నా, మీ దగ్గర నెట్ సరిగా లేదు, తరవాత మాట్లాడదాం’ అని మెసేజీ పెట్టాల్సిన అవసరం ఇక నీకు లేదు. నేనేమీ లెక్కపెట్టలేదు గానీ, ఈ నెలలో అలాంటివి ఆరు వచ్చాయి.

ఎలా బాగుచేశానో రాస్తాను. రేపు నువ్వు ఇల్లు మారితే పనికొస్తుంది. మారితే అంటున్నాను, అంతే.

హాల్లో ఒక పెట్టె, మేడ మీద ఒకటి, పెరటి వసారాలో ఒకటి పెట్టాం కదా. హాలు పెట్టె నుంచి మేడ మీదికి గోడ వెంట వైరు లాగించాను, ఇరవై రెండు మీటర్లు. వంద మీటర్ల దాకా ఇబ్బంది ఉండకూడదు. అయినా యాప్ తెరిస్తే మేడ మీది పెట్టె ఎదురుగా ‘వైర్‌లెస్’ అనే చూపించేది. ఈ పెట్టెల గుణం అదే. వైరు పనిచేయకపోతే ఫిర్యాదు చేయవు. నోరెత్తకుండా గాలిలోకి మారిపోతాయి, లైటు మాత్రం మామూలుగా వెలుగుతూనే ఉంటుంది. మన స్లాబు మందం నీకు తెలుసు కదా, మీ తాతయ్య కట్టించింది. దాన్ని దాటి పైకి వచ్చే సిగ్నల్ ఎంతని?

ముందు పెట్టెనే అనుమానించాను. దాన్ని కిందికి తెచ్చి, పెట్టెతో పాటు వచ్చిన మూరెడు వైరుతో హాలు పెట్టెకు కలిపితే నిమిషంలో ‘వైర్డ్’ అంది. అంటే పెట్టె మంచిదే, తప్పు పొడుగు వైరులో ఉంది. వైరు లాగిన ఎలక్ట్రీషియన్ కుర్రాణ్ని పిలిస్తే టెస్టరు పెట్టాడు. వైరు లోపలి ఎనిమిది తీగలకూ ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలిగాయి. ‘వైరు బాగానే ఉందండీ, మీ పెట్టే పాడైంది’ అని మూడు వందలు తీసుకుని వెళ్లిపోయాడు.

నీ మెసేజీలూ అలాగే ఉంటున్నాయి. ‘తిన్నాను’, ‘బాగున్నాను’, ‘పనిలో ఉన్నాను’. ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతున్నాయి. సరే, ఆ మాట వదిలేద్దాం.

నాకు టెలిఫోను కేబుళ్లు అతికిన రోజులు, 1996 గుర్తొచ్చింది. నవంబరు 6 రాత్రి తుపాను. నువ్వు అప్పటికి అమ్మ కడుపులో ఉన్నావు. తెల్లారేసరికి కోనసీమలో నిలబడిన కొబ్బరిచెట్టు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. చెట్టు వేళ్లతో సహా లేస్తే దాని కింద పాతిన మా టెలిఫోను కేబుల్ కూడా పైకి లేచి తెగింది. యాభై పెయిర్ల జెల్లీ కేబుల్, అంటే యాభై జతల తీగలు, తడి చేరకుండా చుట్టూ జెల్లీ. ఆ జెల్లీ చేతికంటితే కిరసనాయిలుతో తుడిచినా పోదు, వారం రోజులు అన్నం కూడా అదే వాసన. తెగినచోట కొత్త ముక్క వేసి రెండు కొసలా జాయింట్లు చేయాలి. రాత్రి, టార్చిలైటు, పైన చినుకులు. నేను మొదటి జాయింటులో సుఖంగా ఉంటుందని పెయిర్ల పురి మరీ ఎక్కువ విప్పేశాను. నీలానికి జత తెలుపు, నారింజకు జత తెలుపు. పురి విప్పాక ఏ తెలుపు ఎవరిదో దేవుడికే తెలియాలి. రెండూ తారుమారయ్యాయి. రెండో జాయింటు దగ్గర మీటరు పెడితే ఆ సంగతి తెలిసింది. తెలిసి ఏం చేయాలి? వెనక్కి వెళ్లి మొదటిది విప్పాలి. నేను విప్పలేదు. రెండో చోట దానికి తగ్గట్టు మళ్లీ తారుమారు చేశాను. మీటరు ఒప్పుకుంది, డయల్‌టోన్ వచ్చింది, ఇంటికి వచ్చి పడుకున్నాను.

మర్నాటి నుంచి గొడవ. రైసుమిల్లాయన ధాన్యం ధర మాట్లాడుతుంటే మధ్యలో డాక్టరుగారి రోగి విరేచనాల లెక్క వినిపిస్తోందట. ఒక జతగా పురి పెట్టుకున్న రెండు తీగల్లో ఒకటి ఒకరికీ, రెండోది ఇంకొకరికీ పనిచేస్తే పక్కవాళ్ల మాట ఇందులోకి ఊరుతుంది. పురి ఉన్నదే అలా ఊరకుండా ఉండటానికి. పది రోజులు తిరిగాను, ఎక్కడ పెట్టినా మీటరు మంచిదే అంటుంది. చివరికి మా పెద్ద జాయింటరు వచ్చి ఒకటే అడిగాడు: ‘మొదటి జాయింటు విప్పి చూశావా?’

అది గుర్తొచ్చి మేడ వైరు కొసన ఉన్న కనెక్టరు దగ్గరగా పెట్టుకుని, అమ్మ కళ్లజోడు నా కళ్లజోడు మీద పెట్టి చూశాను. కుర్రాడు రంగులు వరసగా జత పక్కన జత పేర్చాడు. రెండు కొసలా అలాగే పేర్చాడు కాబట్టి టెస్టరు ఎనిమిదీ వెలిగించింది. కానీ మూడో పిన్నుకు జత నాలుగోది కాదు, ఆరోది. ఆకుపచ్చ జత మధ్యలో నీలం జతను కూర్చోబెట్టాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. నడిమి రెండూ పాతకాలం టెలిఫోనువి. అందుకే నాకు వాటి మీద అభిమానం. వైరు కొసకు కనెక్టరు నొక్కి బిగించే క్రింపింగ్ టూల్ కొన్నాను. పురి అర అంగుళానికి మించి విప్పలేదు, ఈసారి బుద్ధిగా. నాలుగు కనెక్టర్లు పాడుచేశాక ఐదోది కుదిరింది. రెండో కొస మొదటిసారే కుదిరింది. ఇప్పుడు యాప్‌లో వైరు వేగం వెయ్యి మెగాబిట్లు చూపిస్తోంది. నాలుగు జతలూ పనిచేస్తేనే వెయ్యి. వంద చూపిస్తే ఎక్కడో ఒక జత మొరాయించిందని అర్థం, గుర్తుపెట్టుకో.

అన్నట్టు, అద్దె ఇల్లు ఏదైనా దిగేముందు ఇంటివాళ్ల మాట నమ్మకుండా ప్రతి ప్లగ్గూ నువ్వే చూసుకోవాలి. గీజరు ఎర్తు చూపించుకోవాలి. గ్యాసు గొట్టం మీద తేదీ ఉంటుంది, చదవాలి. కొత్త చిరునామా ఇంట్లో ఎవరికో ఒకరికి చెప్పి ఉంచాలి. ఉపన్యాసం ఇవ్వకూడదనే మొదలుపెట్టాను.

ఉసిరి ఆవకాయ పార్శిల్ వెనక్కి వచ్చింది. మీద ‘ఇల్లు మారారు’ అని రాసి ఉంది. పూతరేకులు పొడి అయిపోయాయి, నూనె అట్టకు దిగింది. అమ్మ ఏమీ అనలేదు. సీసా తుడిచి, కొత్త గుడ్డ కట్టి, అలమారలో నీ పుస్తకాల పక్కన పెట్టింది. బాబ్జీ కూడా నువ్వు కనబడి చాలా రోజులైందని వాళ్లమ్మతో అన్నాడట. పుణెలో ఎవరి పనులు వాళ్లవి, నాకు తెలుసు. ఇల్లు మారడం తప్పేమీ కాదు. ఎందుకు మారావో కూడా నేను అడగడం లేదు. రాత్రి భోజనానికి ఏం చేస్తున్నావు? అక్కడ చలి మొదలై ఉంటుంది, ఆ నీలం దుప్పటి తీసుకెళ్లావా, పాత ఇంట్లో వదిలేశావా?

ఈ ఉత్తరం మీ ఆఫీసుకు పంపుతున్నాను, నా దగ్గర ఉన్న చిరునామా అదొక్కటే. ఇంటి నంబరు, పిన్‌కోడ్ స్పష్టంగా రాయి, ఈసారి సీసా పోస్టులో పంపను. నా దగ్గర ఇంకా పద్నాలుగు కనెక్టర్లు మిగిలాయి, టూల్ సంచిలోనే ఉంది.

రాత్రి తొమ్మిది తరవాత మేడ మీద గదిలోనే ఉంటున్నాను. అమ్మ కూడా మెట్లు ఎక్కుతోంది, వద్దన్నా వినడం లేదు.

మీ నాన్న