హెల్సింకీలో నా పోస్టర్‌ని గట్టెక్కించినవాళ్లకి

ఇంటికొచ్చి వారమైంది. జెట్‌లాగ్ అని చెప్పి ఇది రాయడం వాయిదా వేస్తూ వచ్చాను. కానీ అక్టోబరు మొదట్లో హెల్సింకీకీ మనకీ తేడా రెండున్నర గంటలే. ఆ సాకు ఎవరూ నమ్మట్లేదు కాబట్టి కూర్చున్నాను.

తెలియనివాళ్ల కోసం: నేను తెనాలి దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. ఫిన్లాండ్‌లో గ్రంథాలయాల మీద రెండు రోజుల సదస్సుకి నా పోస్టర్ ఎంపికైంది. విషయం మా కాలవదే. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య పడవలో పుస్తకాలు పెట్టి, కాలవగట్టు ఊళ్లకి చదువు మోసుకెళ్లిన కథ.

ముందు ఇక్కడివాళ్లకి. నా అనుమతి ఫైలు ఒక ఆఫీసులో ఇరవై రోజులు నిద్రపోయింది. దాన్ని తట్టి లేపింది మా సూపరింటెండెంట్ గారు. ఫిన్లాండ్ వెళ్లడానికి కావలసిన షెంగెన్ వీసాకి ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలని చెప్పి, నేను తీసుకున్న చవక పాలసీని రద్దు చేయించింది మా తమ్ముడు. వేలిముద్రలకి హైదరాబాద్ వెళ్లినప్పుడు తెల్లారుజామున నాలుగింటికి బస్టాండుకొచ్చింది కూడా వాడే. ఒరేయ్, ఆ రోజు నిన్ను తిట్టాను, వెనక్కి తీసుకుంటున్నా.

ఇక అసలు కథ. మధ్యలో ఒకచోట విమానం మారాను. నేను మారాను గానీ నా పెట్టె మారలేదు. అందులో చీరలు, స్వెట్టరు, గుడ్డ మీద వేయించిన నిలువెత్తు పోస్టర్. బెల్టు తిరిగి తిరిగి ఆగిపోయింది. బయటికి వచ్చే దారిలో 'తుల్లి' అని బోర్డు. ఫిన్నిష్‌లో తుల్లి అంటే కస్టమ్స్, తులి అంటే నిప్పు, తూలి అంటే గాలి. మన గడి, గాడి, గడ్డి లాగే ఒక్క దీర్ఘానికి, ఒక్క ఒత్తుకి అర్థం మారిపోతుంది. ఈ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం కస్టమ్స్‌వాళ్లకి చూపించడానికి నా దగ్గర హ్యాండ్‌బ్యాగూ, ఏడుపు మొహమూ తప్ప ఏమీ లేవు.

బయట అక్క నిలబడి ఉంది. మా మ్యాథ్స్ మేడమ్ గారి పిన్ని కూతురు. హెల్సింకీ పక్కనే ఉన్న ఎస్పోలో ఉంటుంది. అంతకుముందు ఫోన్లో రెండుసార్లు మాట్లాడానంతే. నన్ను చూడగానే తన కోటు విప్పి నాకు తొడిగి, "ముందు అన్నం తిందువుగాని, పోస్టర్ సంగతి రేపు చూద్దాం" అంది. బయట ఆరేడు డిగ్రీలు. ఆ రాత్రి పప్పుచారు తింటుంటే ఎందుకో కళ్లలో నీళ్లొచ్చాయి. అల్లం ఎక్కువైందనుకుని బావగారు కంగారు పడ్డారు.

మర్నాడు సాయంత్రం ఆఫీసు అవగానే అక్క నన్ను మెట్రోలో ఊళ్లోకి తీసుకెళ్లి, రైల్వే స్టేషన్ పక్కనే ఉన్న ఊది లైబ్రరీలోకి నడిపించింది. ఫిన్లాండ్ స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండిన సందర్భంగా కట్టుకుని, 2018 డిసెంబరులో తెరిచారు. ఎదురుగా పార్లమెంటు. పుస్తకాలు పై అంతస్తులో, దాదాపు లక్ష. మధ్య అంతస్తులో పోస్టర్లు వేసే పెద్ద ప్రింటర్లు, త్రీడీ ప్రింటర్లు, కుట్టుమిషన్లు. లైబ్రరీలో కుట్టుమిషనేమిటి అని నాలోని పాతకాలపు లైబ్రేరియన్ కాస్త మూతి విరిచిన మాట నిజం. అరగంటలో ఆ మూతి సరైపోయింది.

ఎస్పో, హెల్సింకీ, ఇంకా పక్క ఊళ్ల లైబ్రరీలన్నిటికీ ఒకటే కార్డు, పేరు హెల్మెట్. అక్క కార్డు ఇక్కడా చెల్లింది. ప్రింటర్ దగ్గరున్న ఉద్యోగిని ఫైలు తెరిస్తే తెలుగు అక్షరాలన్నీ ఖాళీ డబ్బాలుగా కనిపించాయి. పోస్టర్ డిజైన్ చేసిన మా ఫైనలియర్ కుర్రాడికి ఫోన్ చేశాను. తెనాలిలో అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. భోజనం మధ్యలో లేచి, ఫాంట్లు కలిపి పీడీఎఫ్ చేసి పంపాడు. ఈసారి 'పడవ' అన్న మాట పడవంత కనిపించింది. ఆ ఉద్యోగినికి నా భాష ఏదో తెలియదు, అయినా ప్రతి ఒత్తూ సరిగ్గా పడిందా లేదా అని నన్ను దగ్గరికి పిలిచి మరీ చూపించింది.

నా చీరలన్నీ పెట్టెలోనే కాబట్టి సదస్సుకి కట్టుకునే చీర అక్కదే. జాకెట్టూ అక్కదే, నాకు ఇద్దరు పట్టేంత. కుట్టుమిషన్లన్నీ ముందే బుక్ అయిపోయాయి. ఒక మిషన్ మీద ఎవరో కుర్రాడు కర్టెన్ కుడుతున్నాడు. అక్క వెళ్లి ఏదో అడిగింది. అతను నా వైపు ఒకసారి, జాకెట్టు వైపు ఒకసారి చూసి, ఒక్క మాట లేకుండా లేచి పక్కకి జరిగాడు. పది నిమిషాల్లో రెండు పక్కలా కుట్లు వేసేశాను. దారం అయిపోతే తన దారమే ఇచ్చాడు, కర్టెన్‌ది, ముదురు ఆకుపచ్చ. మెరూన్ జాకెట్టు మీద ఆకుపచ్చ కుట్లు. కొంగు కప్పితే కనపడలేదు. 'కీటోస్' అన్నాను, నాకొచ్చిన ఒకే ఒక్క ఫిన్నిష్ మాట, థాంక్స్ అని. తలూపి మళ్లీ కర్టెన్‌లో పడ్డాడు. పేరు అడగాల్సింది.

సదస్సులో పోస్టర్ ముందు బాగానే ఆగారు. మీ లైబ్రరీలకి డబ్బు ఎక్కణ్నించి వస్తుందని ఒకాయన అడిగాడు. ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను అని చెప్పాను. భలే ఏర్పాటు అన్నాడు. ఆ ఎనిమిది పైసలూ ఎప్పటికి చేరతాయో అతను అడగలేదు, నేను చెప్పలేదు. టీ విరామంలో కొర్వపూస్తి అనే దాల్చినచెక్క బన్ను తెచ్చి పెట్టిన పెద్దావిడకి కూడా కృతజ్ఞతలు. ఆ మాటకి అర్థం చెవి మీద ఒక్కటివ్వడమట. ఆవిడ చెప్తూ తనే నవ్వింది.

పెట్టె తిరుగు ప్రయాణం ముందురోజు దొరికింది. ఇప్పుడు రెండు పోస్టర్లున్నాయి. గుడ్డది మా కాలేజీ లైబ్రరీ గోడకి, ఊదిలో వేసింది కొల్లూరు శాఖా గ్రంథాలయానికి ఇద్దామనుకుంటున్నా.

అక్కా, చీర ఉతికి ఇస్త్రీ చేయించి పెట్టాను. సంక్రాంతికి మీ అమ్మగారు వచ్చి వెళ్లేటప్పుడు ఆవిడతో పంపిస్తాను, గోంగూర పచ్చడితో పాటు. జాకెట్టు కుట్లు మాత్రం నేను విప్పలేదు. ఆ ఆకుపచ్చ కుట్లు విప్పుతావో ఉంచుకుంటావో నీ ఇష్టం.